చైనీస్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లీషు ‘టు’ నేర్పడం ఎలా?

చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇంగ్లీషు చెప్పేవాళ్లు మొదటి వారంలోనే వినే వాక్యం ఒకటుంది: “ఐ గో సూపర్‌మార్కెట్ బై మిల్క్.” ఇందులో పోయినవి ఒకటి కాదు, మూడు ముక్కలు. ‘గో’ తర్వాతి ‘టు’నూ ‘ది’నీ ప్రస్తుతానికి పక్కన పెడదాం. ‘బై’ ముందు ఉండాల్సిన ‘టు’ ఒక్కటే ఈ వ్యాసం విషయం. ఎందుకు వెళ్లారో చెప్పేది అదే. అది లేకపోయినా అర్థమవుతోంది కదా అని ఊరుకుంటే, కొన్నాళ్లకు అదే మనిషి ఆఫీసు మెయిల్లో “వియ్ నీడ్ త్రీ మోర్ డేస్ ఫినిష్ ది టెస్టింగ్” అని రాస్తారు. చదివేవాళ్లు రెండోసారి చదువుకోవాల్సి వస్తుంది.

సింగపూర్‌లోనో మలేషియాలోనో ట్యూషన్ చెబుతున్నవాళ్లు, చైనా లేదా తైవాన్ టీముతో పనిచేస్తూ తోటి ఉద్యోగికి సాయం చేస్తున్నవాళ్లు, ఆన్‌లైన్‌లో పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నవాళ్లు, ఇలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విదేశాల్లో కూర్చుని పాఠం చెప్పే టీచర్లను ట్యూషన్ కంపెనీలు పెట్టుకోకూడదని చైనా ప్రభుత్వం 2021 జూలైలో నిషేధం పెట్టింది. అందుకే ఆన్‌లైన్‌లో మీ దగ్గరికి చైనా నుంచి వచ్చేది స్కూలు పిల్లలకన్నా ఎక్కువగా ఉద్యోగులు, యూనివర్సిటీ విద్యార్థులే. ఉదాహరణలు కూడా వాళ్లకు తగ్గట్టే తీసుకున్నాను.

ముందు వాళ్ల వాక్యం ఎలా నడుస్తుందో చూడండి

మీకు చైనీస్ రావాల్సిన పని లేదు. ఒక్క వాక్యం నిర్మాణం తెలిస్తే చాలు. “వో ఛ్యూ ఛావ్‌షి మాయ్ న్యోనాయ్.” మాటకు మాట పెడితే: నేను, వెళ్లు, సూపర్‌మార్కెట్, కొను, పాలు. ‘వెళ్లు’కీ ‘కొను’కీ మధ్య ఏమీ లేదు. క్రియ రూపం మారలేదు, చివర ఏదీ చేరలేదు. ముందు జరిగేది ముందు, తర్వాత జరిగేది తర్వాత. ఆ వరుసే ‘ఎందుకు’ అన్నది చెప్పేస్తుంది. చైనీస్ వ్యాకరణంలో ఇది తప్పు కాదు, బద్ధకం కాదు, నూటికి నూరుపాళ్లూ పూర్తి వాక్యం. (ఆ ‘మాయ్’ని పలికేటప్పుడు స్వరం మారితే ‘కొను’ కాస్తా ‘అమ్ము’ అయిపోతుంది. కాబట్టి క్లాసులో మీరు దాన్ని పలికి మెప్పించే ప్రయత్నం పెట్టుకోకండి.)

మనకు ఇది వింతగా ఉంటుంది. ఎందుకంటే తెలుగులో ఈ పనికి ‘-డానికి’ అనే గట్టి గుర్తు ఉంది. స్కూల్లో తుమున్నర్థకం అని చదువుకున్నాం, గుర్తుందా? ‘పాలు కొను వెళ్లాను’ అని పసిపిల్లలు కూడా అనరు. అందుకే తెలుగువాళ్లు ఇంగ్లీషులో ఈ ‘టు’ని పూర్తిగా వదిలేయడం అరుదు. ఎదుటివాళ్లు వదిలేస్తే మనకు అజాగ్రత్తలా కనిపిస్తుంది. అది అజాగ్రత్త కాదు. వాళ్ల భాష ఆ చోట ఖాళీ ఉంచుతుంది. లేని గుర్తును కొత్తగా పెట్టుకోవడం వాళ్లు నేర్చుకోవాలి. ‘ప్రయోజనం’ అనే భావాన్ని వాళ్లకు వివరించాల్సిన అవసరమే లేదు. చాలా పాఠ్యపుస్తకాలు ఆ వివరణతోనే మొదలుపెట్టి అరగంట వృథా చేస్తాయి.

వాళ్ల వాక్యం మనసుకు పట్టాలంటే మన ‘వెళ్లి కొన్నాను’ని తలుచుకోండి. ‘షాపుకెళ్లి పాలు కొన్నాను’ అన్నప్పుడు కొనడానికే వెళ్లామా, వెళ్లినప్పుడు కొన్నామా అన్నది వాక్యం విడమర్చి చెప్పదు. చైనీస్ వాక్యంలోని జంట క్రియలు కొంతవరకు ఇలాంటివే. ఇంగ్లీషు మాత్రం ‘వెంట్ టు బై’, ‘వెంట్ అండ్ బాట్’ అని రెండుగా చీలుస్తుంది. మొదటిదాంట్లో పాలు దొరికాయో లేదో తెలియదు, రెండోదాంట్లో పాలు సంచిలో ఉన్నాయి. ఈ తేడా చెప్పగానే పెద్దవాళ్లైన విద్యార్థులు చటుక్కున పట్టుకుంటారు.

మొదటి పని: దిద్దకుండా వినండి

మొదటి క్లాసులో పాఠం మొదలుపెట్టకుండా మామూలు ప్రశ్నలు కొన్ని వేయండి. ఈ ఉద్యోగంలో ఎందుకు చేరారు? నిన్న సాయంత్రం ఎక్కడికి వెళ్లారు, ఎందుకు? ఫోన్‌ని ఎక్కువగా దేనికి వాడతారు? మీ అమ్మానాన్నలకు చివరిసారి ఏం కొనిచ్చారు, ఎందుకని? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మధ్యలో దిద్దితే వాళ్లు జాగ్రత్తపడి చిన్న వాక్యాలకు దిగిపోతారు. అప్పుడు మీకు తెలియాల్సింది తెలియదు.

తర్వాత ఆ వాక్యాలను కుప్పలుగా విడదీయండి. ‘టు’ పూర్తిగా లేనివి ఒక కుప్ప: “ఐ కేమ్ హియర్ స్టడీ.” ‘ఫర్’ తర్వాత క్రియ తగిలించినవి ఇంకొకటి: “ఫర్ లెర్న్ ఇంగ్లీష్, ఐ వాచ్ మూవీస్.” ‘టు’ ఉంది గానీ దాని వెనక భూతకాలం వచ్చినవి: “ఐ వెంట్ దేర్ టు బాట్ టికెట్స్.” చివరిది, ప్రతి వాక్యాన్నీ “ఇన్ ఆర్డర్ టు” అని మొదలుపెట్టే కుప్ప. పరీక్షలకు బాగా చదివి వచ్చినవాళ్ల దగ్గర ఈ నాలుగోది కనిపిస్తుంది. ఏ కుప్ప పెద్దదైతే అక్కడి నుంచి మొదలుపెట్టండి. అందరికీ ఒకే వరుసలో చెప్పాలని లేదు. కింద నేను పెట్టిన వరుస మాత్రం మొదటి కుప్ప పెద్దగా ఉన్నవాళ్లకు సరిపోతుంది.

రెండో పని: ‘గో’, ‘కమ్’లతోనే మొదలుపెట్టండి

“ఇన్ ఆర్డర్ టు”, “సో యాజ్ టు” అన్నవి ఇప్పుడు బయటికి తీయకండి. ‘గో’, ‘కమ్’, ‘స్టాప్ బై’, ‘కాల్’ లాంటి నాలుగైదు క్రియలు తీసుకుని వాటి పక్కన వట్టి ‘టు’ పెట్టించండి. “ఐ వెంట్ టు ది బ్యాంక్ టు ఓపెన్ యాన్ అకౌంట్.” “షీ కాల్డ్ టు చెక్ ది ప్రైస్.” బోర్డు మీద రెండు క్రియల మధ్య ఒక పెట్టె గీసి, ఆ పెట్టె ఖాళీగా ఉండకూడదని చెప్పండి. “ఇంగ్లీషులో రెండు క్రియలు నేరుగా భుజాలు రాసుకోవు” అన్న ఒక్క మాట వాళ్లకు నెల రోజులు పనికొస్తుంది. ‘వాంట్ గో’, ‘నీడ్ ఫినిష్’ అనే తప్పులు కూడా దీంతోనే తగ్గుతాయి. ‘కెన్ గో’, ‘లెట్ హిమ్ గో’ లాంటి మినహాయింపులు వాళ్లే అడుగుతారు. అడిగినప్పుడు చెప్పండి.

చైనీస్‌లోనే ఇక్కడ మీకు ఒక ఆసరా ఉంది. ‘లాయ్’ అంటే వచ్చు. కానీ కొన్ని వాక్యాల్లో అది రెండు క్రియల మధ్య దూరి, రావడం అనే అర్థం వదిలేసి, ‘ఇందుకోసం’ అన్నట్టు నిలబడుతుంది. ‘ఒక ఉపాయం ఆలోచించి సమస్య తేల్చుదాం’ లాంటి వాక్యంలో అది ‘ఆలోచించు’కీ ‘తేల్చు’కీ నడుమ వస్తుంది. “మీ లాయ్ ఉన్న చోట ఇంగ్లీషు టు ఉంటుంది, తేడా ఏంటంటే మీ లాయ్ ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, ఇది లేకపోతే కుదరదు” అని చెప్పి చూడండి. విద్యార్థి ముఖంలోనే తెలిసిపోతుంది.

భూతకాలం గొడవ ఇక్కడే తేల్చేయండి. చైనీస్‌లో పని ముగిసిందని చెప్పే ‘ల’ అనే ముక్క ఇలాంటి జంట క్రియల్లో తరచుగా రెండో క్రియ పక్కన చేరుతుంది. అంటే వాళ్లకు ‘వెళ్లు’ మామూలుగా ఉండి ‘కొను’ దగ్గర ముగింపు గుర్తు పడుతుంది. ఆ అలవాటు మీదే “టు బాట్” వస్తుంది. ఇంగ్లీషులో దీనికి తలకిందులు: కాలం మొత్తాన్నీ మొదటి క్రియే మోస్తుంది, ‘టు’ తర్వాతది ఎప్పటికీ మారదు. ఒకే వాక్యాన్ని నిన్న, ఇవాళ, రేపు, ప్రతి సోమవారం అని నాలుగు రకాలుగా చెప్పించండి. “వెంట్ టు బై, యామ్ గోయింగ్ టు ది షాప్ టు బై, విల్ గో టు బై, గోస్ టు బై.” ‘బై’ కదలదు. విసుగనిపించే కసరత్తే, కానీ దీనికి బదులుగా పనిచేసేది నాకింకా దొరకలేదు.

మూడో పని: ‘టు’ వాళ్లకు వినపడుతోందా?

ఈ సంగతి చాలామంది టీచర్లు పట్టించుకోరు. మామూలు వేగంతో మాట్లాడే ఇంగ్లీషులో ‘టు’ అని పూర్తిగా ఎవరూ పలకరు. ‘ట’ అని మింగేస్తారు. వినపడనిదాన్ని పలకమంటే ఎలా పలుకుతారు? పైగా మనం తెలుగువాళ్లం ప్రతి ‘టు’నీ ఉకారంతో స్పష్టంగా పలుకుతాం. మన క్లాసులో వాళ్లకు బాగానే వినపడుతుంది, బయట సినిమాలో మాయమైపోతుంది.

వాళ్ల భాషలోనే దీనికి సరిపోయే విషయం ఉంది. చైనీస్‌లో స్వరం లేకుండా తేలిగ్గా వదిలేసే అక్షరాలున్నాయి. ‘ల’, ‘ద’, ‘మ’ లాంటి చిన్న ముక్కలు. దాన్ని వాళ్లు ‘ఛింగ్‌షెంగ్’ అంటారు. తేలికపాటి స్వరం అని. “ఇంగ్లీషు టు కూడా ఛింగ్‌షెంగే” అనండి చాలు. ఆ తర్వాత మీరు పది వాక్యాలు మామూలు వేగంతో చదవండి, కొన్నిట్లో ‘టు’ ఉంచి, కొన్నిట్లో ‘అండ్’ పెట్టి. ఏది విన్నారో వేలు చూపించి చెప్పాలి. మొదట్లో తడబడతారు. చెవికి పట్టిన తర్వాత నోటికి రావడం చాలా తేలిక.

నాలుగో పని: ‘ఫర్’

అసలు చిక్కంతా ఇక్కడే. అందులో సగం చిక్కు విద్యార్థిది, సగం మనది.

చైనీస్‌లో ప్రయోజనాన్ని విడిగా, గట్టిగా చెప్పాలనుకుంటే ‘వెయ్‌ల’ అనే మాట ఉంది. అది సాధారణంగా వాక్యం మొదట్లో వస్తుంది, దాని వెనక క్రియ నేరుగా వచ్చేస్తుంది. “వెయ్‌ల ష్యుయె యింగ్‌యూ” అంటే ఇంగ్లీషు నేర్చుకోవడం కోసం. డిక్షనరీ తీసి చూస్తే ‘వెయ్‌ల’ ఎదురుగా ‘ఫర్’ అనీ ‘ఇన్ ఆర్డర్ టు’ అనీ రెండూ ఉంటాయి. ‘ఫర్’ పొట్టిది. అదే నోటికొస్తుంది. అలా పుట్టిందే “ఫర్ లెర్న్ ఇంగ్లీష్.” ఇది తప్పని ఎవరో చెప్పగానే “ఫర్ లెర్నింగ్ ఇంగ్లీష్, ఐ కేమ్ టు సింగపూర్” అని దిద్దుకుంటారు. వినడానికి వ్యాకరణం సరిపోయినట్టే ఉంటుంది. అక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు మన సగం. “ఐ కేమ్ ఫర్ కలెక్టింగ్ మై సర్టిఫికెట్” అన్న వాక్యం మీ చెవికి గుచ్చుకుందా? మన ఊళ్లలో చాలామందికి గుచ్చుకోదు. తెలుగులో ‘తీసుకోవడానికి’ అన్నా ‘తీసుకోవడం కోసం’ అన్నా ఒకటే కాబట్టి, రెండోదాన్ని మాటకు మాట దించితే ‘ఫర్ కలెక్టింగ్’ వస్తుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో, కాలేజీ అప్లికేషన్లలో రోజూ చూసేదే. అంటే విద్యార్థి చేసే తప్పూ మనకు అలవాటైన వాడుకా ఒకే చోట కలిశాయి. దాన్ని దాటించాల్సిన టీచరే దాన్ని వినలేకపోతున్నారు. తెలుగు టీచరు చైనీస్ విద్యార్థికి చెప్పేటప్పుడు అన్నిటికన్నా ముందు సరిచూసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. క్లాసుకు ముందు మీరు పంపిన పాత మెయిళ్లు కొన్ని తెరిచి ‘ఫర్’ వెతకండి.

విద్యార్థికి చెప్పాల్సినది మూడు వాక్యాల్లో అయిపోతుంది. ఒక మనిషి ఒక పని ఎందుకు చేశాడో చెప్పేటప్పుడు వెనక క్రియ ఉంటే ‘టు’: “ఐ కేమ్ టు కలెక్ట్ ఇట్.” వెనక వస్తువో పేరో ఉంటే ‘ఫర్’: “ఐ కేమ్ ఫర్ మై సర్టిఫికెట్”, “వియ్ వెంట్ అవుట్ ఫర్ లంచ్.” ఒక వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు మాత్రమే ‘ఫర్’ వెనక ‘-ఇంగ్’: “దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ బ్రెడ్.”

మూడోదాన్ని వస్తువులతోనే నేర్పండి. బల్ల మీద కత్తెర, టేపు, పెన్‌డ్రైవ్, రైస్ కుక్కర్ మూత, ఏది దొరికితే అది పెట్టి “వాట్ ఈజ్ దిస్ ఫర్?” అని అడగండి. “ఇట్స్ ఫర్ కటింగ్ పేపర్.” వెంటనే అదే వస్తువును చేతికిచ్చి “వై డిడ్ యూ టేక్ ఇట్?” అనండి. “టు కట్ ద పేపర్.” ఒకే కత్తెర, రెండు జవాబులు. వస్తువు గురించి అడిగితే ఒకటి, మనిషి గురించి అడిగితే ఇంకొకటి.

“థాంక్యూ ఫర్ కమింగ్” సంగతేంటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అది ప్రయోజనం కాదు, కారణం. వాళ్లు రావడం ముందే జరిగిపోయింది, అందుకు థాంక్స్ చెబుతున్నాం. ఇంకా జరగాల్సిన పనికి ‘టు’, జరిగిపోయిన పనికి థాంక్స్ లేదా సారీ చెబితే ‘ఫర్’ అని చెబితే తృప్తిపడతారు.

‘ఎందుకు’ అన్న ప్రశ్నలోనూ ఒక మెలిక ఉంది. చైనీస్‌లో ఎందుకు అంటే ‘వెయ్‌షెన్‌మ’. ముక్కలు విడదీస్తే ‘దేని కోసం’. కారణం అడిగినా ప్రయోజనం అడిగినా అదే మాట. అందుకే కొందరు “ఫర్ వాట్ యూ కమ్ హియర్?” అంటారు. అవతలివాళ్లకు దబాయించినట్టు వినిపిస్తుంది, పాపం వాళ్లు మర్యాదగానే అడిగారు. “వాట్ బ్రింగ్స్ యూ హియర్?” లేదా మామూలుగా “వై డిడ్ యూ కమ్?” అని మార్పించండి. జవాబుల్లో కూడా ప్రతిదానికీ ‘బికాజ్ ఐ వాంట్ టు’ అని మొదలుపెట్టడం మాన్పించాలి. “టు సీ మై ఆంట్” అని ‘టు’తో మొదలయ్యే ముక్క జవాబు చాలని చెప్పండి. అది అసంపూర్ణ వాక్యమని స్కూల్లో మార్కులు కోసి ఉంటారు. మాటల్లో అదే సహజమని మీరు ధైర్యం చెప్పాలి.

ఐదో పని: పనిముట్లు, డబ్బు, టైము

రెండు క్రియలు కలిసే చోట్లు ‘గో’, ‘కమ్’లతో అయిపోవు. “యోంగ్ దావ్ ఛియె త్సాయ్” అంటే వాడు, కత్తి, కోయి, కూర. అక్కడి నుంచి “ఐ యూజ్ నైఫ్ కట్ వెజిటబుల్స్.” అలాగే “మెయ్‌యో ఛియెన్ మాయ్ షూ”, లేదు డబ్బు కొను పుస్తకం. అక్కడి నుంచి “ఐ హావ్ నో మనీ బై బుక్స్.” పెట్టె సూత్రమే ఇక్కడా: “యూజ్ ఎ నైఫ్ టు కట్”, “నో మనీ టు బై బుక్స్”, “టైమ్ టు రెస్ట్”, “సమ్‌థింగ్ టు ఈట్.” వీటిని విడి పాఠంగా చెప్పకుండా, రెండో పనిలో గీసిన బొమ్మనే మళ్లీ గీసి చూపించండి.

ఆరో పని: నేను కొన్నాను, వాడు చదవాలి

ఇంతవరకు రెండు పనులూ చేసేది ఒకరే. ఇద్దరైతే? చైనీస్‌లో ‘ఇచ్చు’ అనే అర్థమున్న ‘గెయ్’, ‘చేయనిచ్చు’ అనే అర్థమున్న ‘రాంగ్’ ఈ పని చూసుకుంటాయి. అందుకే “ఐ బాట్ ఎ బుక్ గివ్ మై సన్ రీడ్” లాంటి వాక్యం వస్తుంది. నవ్వకండి. వాళ్ల భాషలో అది చక్కటి వాక్యం.

ఇంగ్లీషులో దీనికి రెండు దారులున్నాయి. తేలికైనది ముందు: “ఐ బాట్ ఎ బుక్ ఫర్ మై సన్ టు రీడ్.” ఇక్కడ ‘ఫర్’, ‘టు’ రెండూ కలిసి ఉంటాయి, వాటి మధ్య మనిషి కూర్చుంటాడు. ‘ఫర్’ వెనక పేరు, ‘టు’ వెనక క్రియ అన్న పాత సూత్రం చెడలేదని చూపించండి. లేకపోతే ఇంతకుముందు నేర్చుకున్నది తప్పేమోనని కంగారుపడతారు.

రెండో దారి ‘సో దట్’. తెలుగులో ‘అతనికి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాను’ అన్నప్పుడు ఆ ‘-లా’ ఎక్కడుందో సరిగ్గా అక్కడ: “ఐ స్పోక్ స్లోలీ సో దట్ హీ కుడ్ అండర్‌స్టాండ్.” ఇక్కడ రెండు గుంటలున్నాయి. ఒకటి, ‘స్పోక్’ పక్కన ‘కెన్’ పెట్టేస్తారు, ఎందుకంటే చైనీస్‌లో ‘చేయగలుగు’ అనే మాటకు కాలాన్ని బట్టి మారే రూపం లేదు. మొదటి సగం భూతకాలమైతే రెండో సగంలో ‘కుడ్’, ‘వుడ్’ అని జంటలుగా రాయించండి. రెండోది ఇంకా లోతైనది. ‘సో’ అంటే వాళ్లకు ‘స్వోయీ’, అంటే కాబట్టి. దాంతో ‘సో’, ‘సో దట్’ కలగలిసిపోయి “ఇట్ రెయిన్డ్ సో దట్ ఐ స్టేడ్ హోమ్” అని రాస్తారు. వాన మిమ్మల్ని ఇంట్లో ఉంచుదామని కురవలేదు కదా అని అడిగితే నవ్వి దిద్దుకుంటారు. ఎవరైనా కావాలని చేశారా, లేక దానంతటదే అలా అయిందా? కావాలని చేస్తే ‘సో దట్’, దానంతటదే అయితే వట్టి ‘సో’. ఇంతకు మించి వివరించకండి.

ఏడో పని: ‘కుండా’

‘తడవకుండా గొడుగు తీసుకెళ్లు’ అంటాం. ఈ ‘-కుండా’కు చైనీస్‌లో మంచి మాటలే ఉన్నాయి: ‘మియెన్‌ద’, ‘షెంగ్‌ద’. రెండో సగం మొదట్లో వచ్చి, ఆ తర్వాత చెప్పే చెడు జరగకూడదనే అర్థాన్ని తామే మోస్తాయి. అంటే వాక్యంలో విడిగా ‘కాదు’ అన్న మాట ఉండదు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ‘నాట్’ ఎగిరిపోయే ప్రమాదం అక్కడుంది. “టేక్ యాన్ అంబ్రెల్లా సో దట్ యూ గెట్ వెట్” అని రాశారంటే తడవడానికే గొడుగు తీసుకెళ్లినట్టు. మాటల్లోకి “సో యూ డోంట్ గెట్ వెట్” చాలు. రాతలో “ఇన్ ఆర్డర్ నాట్ టు బి లేట్”, “సో యాజ్ నాట్ టు డిస్టర్బ్ ఎనీవన్.” ‘నాట్’ ముందు, ‘టు’ తర్వాత. ‘లెస్ట్’ అనే మాటను కొందరు పరీక్ష పుస్తకాల్లోంచి పట్టుకొస్తారు. అర్థం సరైనదే గానీ మాటల్లో పాతవాసన కొడుతుందని చెప్పి వదిలేయండి.

ఎనిమిదో పని: ఇప్పుడు ‘ఇన్ ఆర్డర్ టు’ తీయండి

చైనాలో స్కూలు చదువు పూర్తిచేసినవారికి ఈ పదబంధం మీరు నేర్పక్కర్లేదు. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్షలో ఎక్కువ ప్రాంతాల్లో మొత్తం 750 మార్కులుంటే ఇంగ్లీషుకే 150. దానికోసం ‘మూదీ జువాంగ్‌యూ’, అంటే ప్రయోజనాన్ని చెప్పే వాక్యభాగం అన్న పేరుతో సహా కంఠతా పట్టి ఉంటారు. ‘సో యాజ్ టు’ని వాక్యం మొదట్లో పెట్టకూడదని మీకే గుర్తుచేస్తారు. ఖాళీలు పూరించమంటే తప్పు పోరు. నోరు తెరిస్తే మాత్రం “ఐ కేమ్ హియర్ స్టడీ.” పరీక్షలో వచ్చినది నోటికి రావాలని లేదు. ఇది మన ఇంటర్మీడియట్ పిల్లల్ని చూసినవాళ్లకు కొత్తగా చెప్పాలా?

కాబట్టి ఇక్కడ మీ పని నేర్పడం కాదు, తగ్గించడం. వాళ్లు రాసిన ఐఈఎల్‌టీఎస్ వ్యాసం తీసుకుని, ‘ఇన్ ఆర్డర్ టు’ కింద గీతలు గీయించండి. ఒక్కటి ఉంచి మిగతావాటిలో ‘ఇన్ ఆర్డర్’ కొట్టేయించి వట్టి ‘టు’ మిగల్చండి. అర్థం ఎక్కడా చెడదు, వాక్యం తేలికవుతుంది. ‘వెయ్‌ల’ అలవాటు వల్ల ప్రయోజనం ఎప్పుడూ వాక్యం మొదట్లోనే ఉంటుంది కదా, దాన్ని చివరికి జరిపించండి. “ఇన్ ఆర్డర్ టు సేవ్ మనీ, పీపుల్ టేక్ ది మెట్రో” కన్నా “పీపుల్ టేక్ ది మెట్రో టు సేవ్ మనీ” సాఫీగా ఉంటుంది. ప్రయోజనమే ముఖ్యమైన చోట ముందే ఉండనివ్వండి.

ముందే ఉంచినప్పుడు ఒక్కటి సరిచూడాలి: కామా తర్వాత వచ్చే కర్త ఆ పని చేసేవాడేనా? “టు లెర్న్ ఇంగ్లీష్ వెల్, వొకాబ్యులరీ ఈజ్ ఇంపార్టెంట్” అంటే వొకాబ్యులరీయే ఇంగ్లీషు నేర్చుకుంటున్నట్టుంది. చైనీస్‌లో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలే కాబట్టి వాళ్లకు ఇది తేడాగా అనిపించదు. నిజానికి తెలుగులో మనకూ అనిపించదు. “టు లెర్న్ ఇంగ్లీష్ వెల్, యూ నీడ్ ఎ గుడ్ వొకాబ్యులరీ” అని మార్పించండి.

దిద్దడం గురించి

ఈ ఎనిమిదీ ఒకే వారంలో కుక్కకండి. రెండో పనీ నాలుగో పనీ బాగా టైము తింటాయి, మిగతావి వాటి వెనకే వచ్చేస్తాయి. మాట్లాడుతుండగా ‘టు’ వదిలేస్తే వాక్యం మధ్యలో ఆపకుండా రెండు వేళ్లు చూపించే సైగ ఒకటి ముందే మాట్లాడుకోండి. రెండు క్రియలు తగులుకున్నాయి అని దానర్థం. చాలామంది నలుగురిలో దిద్దితే ముడుచుకుపోతారు, సైగైతే ఇబ్బంది ఉండదు. ఇంటి పని కూడా చిన్నదే ఇవ్వండి: రోజూ వీచాట్‌లో ఒక వాయిస్ మెసేజ్, ఇవాళ ఎక్కడికి వెళ్లారు, ఎందుకు. రాసి పంపమంటే యాప్ దిద్దిపెడుతుంది, మీకు ఏమీ తెలియదు.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ కాఫీ షాపులో “ఐ గో మార్కెట్ బై ఫిష్” అన్న వాక్యం వినిపిస్తే అది రాని ఇంగ్లీషు అనుకోకండి. అది సింగ్లిష్. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు తెలిసే మాట్లాడతారు, ఇంటర్వ్యూకి వెళ్తే అదే మనిషి ‘టు’లన్నీ చక్కగా పెడతారు. మీ విద్యార్థి ఆ ఊళ్లో ఉంటే అతనికి రెండూ అవసరమే. స్నేహితులతో మాట్లాడేటప్పుడు వినపడితే వదిలేయండి, మెయిల్లోనూ వ్యాసంలోనూ కనపడితే దిద్దండి.